అర నిమిషం సవరణ

కోటిలింగం మాస్టారిని ప్రశ్న అడగడం తేలికే. ఆయన నోటి నుంచి జవాబు రాబట్టేసరికి మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఆయన మాట అంత నిదానం. ఒక్కో మాటనీ నమిలి, రుచి చూసి గానీ బయటికి వదలరు. ఆయన "కూర్చోండి" అనేలోపు వచ్చినవాళ్ళు కూర్చుని, పని చూసుకుని, వెళ్ళొస్తామని లేస్తారని మేడిపాలెంలో ఒక వేళాకోళం ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎంత నిదానమో, రిటైరయ్యాక అంతకు రెట్టింపు అయ్యారు. అయితే ఆయన దగ్గర సోషల్ చదువుకున్నవాళ్ళు మాత్రం ఆ పాఠాల్ని ఇప్పటికీ మర్చిపోలేదు. ఎవరేం అడిగినా ఆయన వాదనకు దిగరు. "చూద్దాంలే" అంటారు. ఆ తర్వాత ఎక్కడో ఏదో జరుగుతుంది, అది జరిగేచోట ఆయన కూడా ఉంటారు. అడిగినవాళ్ళు ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తరు.

ప్రసూన ఆయన శిష్యురాలు. ఆ ఊరి హైస్కూల్లోనే ఆయన దగ్గర చదివి, ఇప్పుడదే బళ్ళో ఆయన చెప్పిన సోషలే చెబుతోంది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్ళి, ఇచ్చిన కాఫీ తాగకముందే మనసులోది బయటపెట్టింది.

"మాస్టారూ, రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకుంది. మూడింట రెండు వంతుల మంది సరేనంటే సవరణ అయిపోతుంది. మరి కొన్నిటిని మాత్రం ఎంతమంది సరేనన్నా ముట్టుకోవడానికి వీల్లేదని కోర్టు ఎందుకంది? ఎక్కువమంది ఏది కావాలంటే అదే కదా ప్రజాస్వామ్యం? మా ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగాడు. నేను బోర్డు మీద 'మౌలిక స్వరూపం' అని పెద్ద అక్షరాలతో రాశాను. వాడు దాన్ని బుద్ధిగా రాసుకుని, 'సరే టీచర్, కానీ ఎందుకు?' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు."

"ఎవరా పిల్లాడు?" అన్నారు మాస్టారు.

"హర్షిత్ అని, మా క్లాసుకి ప్రధానమంత్రి."

"ప్రధానమంత్రి కూడా ఉన్నాడూ?"

ఆ మాట ఎప్పుడంటారా అని కాచుకున్న ప్రసూన ఇక ఆగలేదు. తన క్లాసు గురించి చెప్పుకోవడమంటే ఆమెకు అంత సరదా. బళ్ళు తెరిచిన కొత్తల్లో పిల్లల చేత తమ తరగతికి ఒక రాజ్యాంగం రాయించింది. చార్టు మీద, "ఎనిమిదో తరగతి పిల్లలమైన మేము" అంటూ పీఠికతో సహా రాశారు. నీళ్ళ కుండ దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్న దగ్గర్నుంచి, కిటికీ పక్క బెంచీ ఏ వారం ఎవరిదన్న దాకా అన్నీ అందులో ఉన్నాయి. మూడింట రెండు వంతుల చేతులు లేస్తే దేన్నైనా సవరించుకోవచ్చు. ఊరికే చేతులెత్తడం కాదు, వద్దనేవాళ్ళు లేచి నిలబడి ఎందుకు వద్దో నలుగురికీ వినబడేలా చెప్పాలి. ఈ చివరి నియమం ప్రసూన సొంత ఊహ. పిల్లలకి ధైర్యంగా విభేదించడం అలవాటవుతుందని పెట్టింది. దాని గురించి చెబుతున్నప్పుడు ఆమె గొంతు కొంచెం పైకి లేచింది.

"మొన్న మొదటి సవరణ చేశాం మాస్టారూ. పాఠం మీద చర్చ పెడితే నలుగురు మాట్లాడేసరికి పీరియడ్ అయిపోతోంది. అందుకని హర్షిత్ ఒక తీర్మానం తెచ్చాడు. ఎవరైనా సరే, చెప్పదలుచుకున్నది అర నిమిషంలో చెప్పెయ్యాలి. టైముకి గంట కొడతారు. గంట కొట్టాక కూర్చోవాలి. అందరికీ ఒకటే నియమం, చిన్నా పెద్దా తేడా లేదు. ఓటుకి పెడితే ఏకగ్రీవం! ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా వద్దనలేదు. తనిఖీకి వచ్చినాయన ఆ చార్టు చూసి ఎంత మెచ్చుకున్నారో! ఫొటో కూడా తీసుకున్నారు."

ఇంత వివరంగా చెప్పిన ప్రసూన ఒక్క సంగతి చెప్పలేదు. కావాలని దాచింది కాదు, ఆ పూట ఆమెకు గుర్తు రాలేదు, అంతే. ఆ చార్టులో అన్నిటికంటే పైనున్న అధికరణ ఏమిటంటే, మాట్లాడేవాళ్ళు తమ మాట ముగించేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, నవ్వకూడదు. దాన్ని సలోమి కోసం రాసుకున్నారు. సలోమికి నత్తి. ఏడో తరగతి దాకా ఆ పిల్ల నోరు విప్పిన రోజు లేదు. పక్కవాళ్ళు వెక్కిరిస్తారన్న భయంతో, పాఠం చదవమంటే జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయేది. ఆ అధికరణ గోడకెక్కాక మెల్లగా లేచి నిలబడటం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యానికీ చాలాసేపు పట్టేది. మాట ఎక్కడో గొంతులో ఇరుక్కునేది, కళ్ళు మూసుకుని దాన్ని బయటికి తోసేది, ఈలోపు క్లాసంతా ఊరుకునేది. తీరా వచ్చాక ఆ ప్రశ్న టీచర్ని కూడా ఆలోచనలో పడేసేది. ఇప్పుడా సలోమి మళ్ళీ నోరు మూసుకుంది. సవరణ అయిన దగ్గర్నుంచి హాజరు పలకాల్సి వచ్చినా చెయ్యి ఎత్తి ఊరుకుంటోంది. ఆ పిల్ల గొంతు ఇక ఆ గదిలో వినబడుతుందో లేదో చెప్పలేని పరిస్థితి. ప్రసూన మాత్రం క్లాసు చకచకా సాగుతోందనుకుంటోంది.

మాస్టారు అంతా విన్నారు. కాఫీ చల్లారిపోతోందని చేత్తో చూపించారు. ఆమె గటగటా తాగేసి, ఇప్పుడైనా చెబుతారేమోనని ఆయన ముఖంలోకి చూసింది.

"చూద్దాంలే. ఈ వారంలో ఒకరోజు మీ క్లాసుకొస్తా. మీ రాజ్యాంగం ఎట్టా ఉందో నాకూ చూడాలనుంది" అన్నారాయన.

అన్నట్టే గురువారం మధ్యాహ్నం వచ్చారు. పిల్లలంతా లేచి నమస్కారం పెట్టారు. వాళ్ళలో సగంమంది అమ్మానాన్నలు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఆయన పేరు ఇళ్ళల్లో వింటూనే పెరిగారు. ప్రసూన కుర్చీ వేయించబోతే వద్దని చెప్పి, ఆయన వెనక బెంచీలో పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నారు. గోడ మీది చార్టుని కళ్ళజోడు సవరించుకుని పై నుంచి కింది దాకా చదివారు. అడుగున తెల్ల కాగితం ముక్క మీద మొదటి సవరణ రాసి అంటించి ఉంది. దాన్ని రెండోసారి కూడా చదివారు.

"సార్, మిమ్మల్ని ఒకటడగొచ్చా?" అంటూ హర్షిత్ లేచాడు. చురుకైన పిల్లాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, భయం లేని మాట. "మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే రాజ్యాంగంలో ఏదైనా మార్చొచ్చు గదా సార్. మరి కొన్నిటిని మార్చకూడదని ఎందుకు పెట్టారు? అందరికీ ఇష్టమైతే ఇంకేంటి సార్ అడ్డం?"

మాస్టారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. ప్రసూన కూడా సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. తనకు తెలియని జవాబు తన పిల్లలతో కలిసి వినబోతున్నానని ఆమెకు ముచ్చటగా ఉంది.

"నాయనా..." అన్నారు మాస్టారు. కాసేపు ఆగారు. "నువ్వడిగింది... మంచి ప్రశ్న. నాకు... చాలా ఏళ్ళు... దీనికి జవాబు తెలీలేదు. తర్వాత... ఒకసారి... ఏమైందంటే..."

ముందు బెంచీలో రమీజా గోడ గడియారం చూసి గతుక్కుమంది. క్లాసులో టైము చూసే పని ఆ పిల్లది. హెడ్మాస్టర్ గారి బల్ల మీది పాత గంటని అడిగి తెచ్చి ఆమెకిచ్చారు. అర నిమిషం ఎప్పుడో దాటింది. గంట మీద వేలు పెట్టి, కొట్టాలా వద్దా అని టీచర్ వైపు చూసింది. ప్రసూన కంగారుగా వద్దని తల అడ్డంగా ఊపింది. ఆ ఊపటం మాస్టారు చూడనే చూశారు.

"టైమైపోయిందా అమ్మా? కొట్టు మరి."

రమీజా వేలు దానంతటదే నొక్కేసింది. గంట ఠంగుమంది. మాస్టారు ఇంకో మాట లేకుండా బెంచీలో కూర్చుండిపోయారు.

అంత పెద్దాయన మాట మధ్యలో కూర్చోబెట్టేశామని పిల్లలు బిక్కముఖాలు వేసుకున్నారు. "చెప్పండి సార్, ఏమైంది సార్" అని ఇద్దరు ముగ్గురు బతిమాలారు.

"ఎట్టా చెప్పేది? గంట కొట్టారుగా" అన్నారాయన. గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపమూ లేదు.

హర్షిత్ గాభరా పడిపోయాడు. "అయ్యో సార్, అది మీక్కాదు! మీరు చెప్పండి సార్."

"నాక్కాదా? 'ఎవరైనా సరే' అని రాశారే అక్కడ."

"రాశాం సార్. కానీ మీకోసం చెయ్యలేదు సార్ అది."

"మరి ఎవరికోసం చేశారు నాయనా?"

ఆ ప్రశ్న వినగానే గదిలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా ఒకే వైపు తిరిగాయి. మూడో వరసలో, గోడ పక్కన, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్న సలోమి వైపు. హర్షిత్ తల అటే తిరిగింది. రమీజా తల అటే తిరిగింది. అందరి తలలూ చూస్తున్న ప్రసూనకు, తన తల కూడా అటే తిరిగి ఉందని కాసేపటికి గాని తెలియలేదు.

తెలిసేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. సవరణ చేసిన రోజున ఎవరి నోటా సలోమి పేరు రాలేదు. పీరియడ్ చాలట్లేదన్నారు, చర్చ సాగట్లేదన్నారు, అందరికీ అవకాశం రావాలన్నారు. ఎంత పెద్దమనిషి తరహా మాటలు! పేరు రానందుకు తను లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకుందన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తనిఖీకి వచ్చినాయన ముందు సలోమి లేచి నిలబడి గుటకలు మింగుతూ ఉంటే ఎలా అని ఆ ముందు రోజుల్లో తనకు దిగులు ఉండేది. ఆ దిగులు తీరిపోయింది కాబట్టే ఆ తీర్మానం అంత న్యాయంగా కనిపించింది. అందరికీ ఒకటే నియమమట! ఆ నియమం వల్ల మిగతావాళ్ళెవరికీ ఒక్క మాట కూడా తగ్గలేదు. ఆ పిల్లకి ఉన్నదంతా పోయింది.

"సలోమీ..." అని పిలిచింది. ఎందుకు పిలిచిందో ఆమెకే తెలియదు. క్షమించమని క్లాసులో అడగాలా, నువ్వు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు తల్లీ అని వరమివ్వాలా? ఏది అందామన్నా సిగ్గుతో నోరు తిరగలేదు.

సలోమి లేచి నిలబడింది. ముందుగా రమీజా చేతిలోని గంట వైపు చూసింది. రమీజా ఆ గంటని చటుక్కున బెంచీ కింద దాచేసింది. సలోమి కళ్ళు మూసుకుంది. మాట గొంతులో ఇరుక్కుంది, మెడ నరాలు పొంగాయి, పెదవులు కదిలి ఆగి మళ్ళీ కదిలాయి. ఎంతసేపు పట్టిందో ఎవరూ గడియారం చూడలేదు.

"హ... హర్షిత్‌ని... ఏ... ఏమీ అనొద్దు సార్. నే... నేను కూడా... చె... చెయ్యెత్తాను."

అని కూర్చుంది.

ప్రసూనకు ఉన్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆ పిల్ల తిడితే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. తన నోరు తనే నొక్కుకున్నానని, అందులో మిగతావాళ్ళ తప్పు లేదని సాక్ష్యం చెబుతోంది. అవును, ఎత్తింది. ఎత్తకపోతే ఏం చెయ్యాలి? వద్దనేవాళ్ళు లేచి నిలబడి ఎందుకు వద్దో నలుగురికీ వినబడేలా చెప్పాలి. ఆ నియమం పెట్టిందెవరు? నత్తి ఉన్న పిల్ల, తన నత్తి గురించి, ఆ నత్తితోనే అందరి ముందూ వాదించుకోవాలి. లేదా చెయ్యెత్తి ఊరుకోవాలి. పిల్లలకి ధైర్యం నేర్పే ఉపాయమని మురిసిపోయిందే, ఆ ఉపాయంతో ఆ పిల్లని మూలకి నెట్టిందెవరు?

హర్షిత్ ముఖం ఎర్రబడిపోయింది. ప్రధానమంత్రి హోదా ఎటు పోయిందో గాని, ఏడుపు ఆపుకోలేని పసివాడిలా ఉన్నాడు. "ఆ సవరణ తీసేద్దాం టీచర్. ఇప్పుడే ఓటింగ్ పెట్టండి" అన్నాడు. అనడమే ఆలస్యం, అన్ని బెంచీల్లోంచీ చేతులు లేచాయి. కొందరు రెండు చేతులూ ఎత్తారు.

అలవాటు కొద్దీ ప్రసూన చూపుడువేలు లెక్కపెట్టడానికి పైకి లేచింది. మొదటి బెంచీ దగ్గరే ఆగిపోయింది. వీళ్ళు ఇవ్వాళ అయ్యో పాపమని చేతులెత్తారు. తిరిగి ఇస్తున్నారు. వచ్చే నెల ఇంకో తనిఖీ వస్తే మళ్ళీ తీసేసుకుంటారేమో, అప్పుడూ ఇన్నే చేతులు లేస్తాయి. ఇయ్యడానికైనా, తీసుకోవడానికైనా, అసలిది వీళ్ళదా? ఆ ఆలోచన రాగానే ఆమె వేలు దానంతటదే కిందికి దిగింది.

"దించండి" అంది. "చేతులు దించండర్రా. దీనికి ఓటింగ్ లేదు."

వెళ్ళి చార్టు అడుగున అంటించిన కాగితాన్ని గోరుతో గీకి లాగింది. జిగురు బాగా పట్టేసింది. కాగితం పాయలు పాయలుగా ఊడి, కింద చార్టు పొర కూడా కొంత లేచొచ్చింది. రాజ్యాంగానికి చిల్లు పడినట్టయింది గాని పిల్లలెవరూ నవ్వలేదు. హర్షిత్ తన ప్రశ్నకి జవాబు మళ్ళీ అడగలేదు. సలోమి తలవంచుకుని పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆ పిల్ల రేపు లేచి మాట్లాడుతుందో లేదో ప్రసూనకు తెలియదు. మాట్లాడమని అడిగే ముఖం కూడా తనకు లేదు.

పీరియడ్ అయిపోయి పిల్లలు ఆటలకి వెళ్ళాక, మాస్టారితో పాటు ప్రసూన కూడా వరండాలోకి వచ్చింది. ఆయన మెట్టు మీద కూర్చుని చెప్పుల బెల్టు పెట్టుకుంటున్నారు. పిల్లల్ని చూడటానికి ఆమెకు ముఖం చెల్లక గేటు వైపు తిరిగి నిలబడింది. తన తరఫున ఒక్క మాటైనా చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేక, గొణిగినట్టుగా అంది.

"ఏకగ్రీవం కదా అని మురిసిపోయాను మాస్టారూ. ఆ పిల్ల చెయ్యి కూడా అందులో ఉందిగా. ఉందనే, ఇక తప్పేం లేదనుకున్నాను."

మాస్టారు రెండో చెప్పు తొడుక్కున్నారు. లేచి నిలబడ్డారు.

"ఆ పిల్ల చెయ్యెత్తినప్పుడు నువ్వేం చేస్తున్నావమ్మా?"

ప్రసూన ఆ సమయంలో సలోమి ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకోవాలని చూసింది. చెయ్యి గుర్తొచ్చింది, ఆ చేతి పక్కన ఇంకో చెయ్యి గుర్తొచ్చింది, ముఖం మాత్రం రాలేదు.

"లెక్కపెడుతున్నాను" అంది, నేల చూస్తూ.

"లెక్క తప్పలేదులేమ్మా" అని, మాస్టారు మెల్లగా మెట్లు దిగారు.